వంటింటి మెరుగు, రంగు భ్రమ

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువారి నలుగు, బెంగాలీల పసుపు ముద్ద పక్కపక్కనే ఉన్నాయి. ముఖాన్ని శుభ్రం చేసే ఈ లేపనాల నుంచి తెల్లదనం ఆశించడంతోనే చిక్కంతా వస్తోంది.

ఖరగ్‌పూర్‌లో ముఖానికి పట్టించే లేపనం ఏ పప్పుతో చేశారో చూస్తే ఆ ఇంటి భాషేమిటో చాలావరకు చెప్పేయవచ్చు. పెసరపిండిలో పసుపు, పెరుగు కలిపితే తెలుగు ఇల్లు. రాత్రి నానబెట్టిన మైసూరు పప్పును పాలు పోసి మెత్తగా రుబ్బితే బెంగాలీ ఇల్లు. శనగపిండి, మీగడ కలిపి దానికి ఉబ్టన్ అని పేరు పెడితే ఏ బీహార్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చిన కుటుంబం. సరుకులన్నీ వంటింటి డబ్బాల్లోవే. ఖర్చు కొద్ది రూపాయలు, శ్రమ పావుగంట.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ ఊరిని స్థానికులు 'మినీ ఇండియా' అని ఊరికే అనలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను నెలకొల్పింది. ఆ వెంటే పెద్ద వర్క్‌షాపు వచ్చింది. అందులో పని చేయడానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు తరలివచ్చారు. మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టి పెరిగారు. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారంతో ప్రపంచంలోనే పొడవైనదిగా ఈ స్టేషన్ చాలాకాలం పేరు మోసింది. ఆ రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి పోయింది. తెలుగువారు మాత్రం ఎటూ పోలేదు. తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ముఖ్య కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే.

వారితో పాటు వచ్చిన సామానులో సున్నిపిండి కూడా ఉంది. పెసలు, శనగలు, బియ్యం, కొమ్ము పసుపు, వట్టివేళ్లు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్కలు కలిపి మర పట్టించిన పిండి అది. భోగినాడు, దీపావళినాడు తలంటికి ముందు, పెళ్లిలో నలుగుకు దాన్ని వాడతారు. బెంగాలీలకు సరస్వతీ పూజ ఉదయం పచ్చి పసుపు ముద్దతో స్నానం ఉంది. పెళ్లిలో 'గాయే హోలుద్' వేడుక ఉంది. అంటే ఒంటికి పసుపు అని అర్థం. జనవరి మధ్యలో భోగి ముగిసిన కొద్ది రోజులకో కొన్ని వారాలకో సరస్వతీ పూజ వస్తుంది. ఒకే వరుసలోని క్వార్టర్లలో రెండు భాషల పసుపు ఒకే శీతాకాలంలో అరుగుతుందన్నమాట.

ఈ రెండు సంప్రదాయాల మూల ఉద్దేశం ఒక్కటే. సబ్బు లేని రోజుల్లో ఒంటికి రాసిన నూనెను, దానితో పాటు మురికిని తీసేయడం. ఎర్రమట్టి దుమ్ము, నలభై డిగ్రీలు దాటే వేసవి, ఆపైన జిగట పట్టించే వానాకాలం ఉన్న ఊరిలో ఆ అవసరం ఇప్పటికీ ఉంది. కానీ ఇప్పుడు గిన్నెలో పిండి కలిపేవారిలో చాలామంది ఆశ వేరు. వారికి శుభ్రత చాలదు, తెలుపు కావాలి. పెళ్లి సంబంధాల్లో 'అమ్మాయి రంగేమిటి' అన్న ప్రశ్న తెలుగులోనూ బెంగాలీలోనూ ఒకే తీరుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు వంటింట్లో వెతకడంతోనే నలుగు కాస్తా మందుగా మారిపోయింది.

ఏది ఏం చేస్తుంది?

వంటింటి సరుకులు ముఖానికి ఏమీ చేయవనుకోవడం పొరపాటు. చేస్తాయి. ఎంతవరకన్నదే ప్రశ్న. పప్పు పిండ్లు చర్మంపై ఉన్న జిడ్డును పీల్చుకుంటాయి. కడిగేటప్పుడు ఆ సన్నని రేణువులు మృతకణాల పొరను మెల్లగా తొలగిస్తాయి. ముఖం నునుపుగా, కాంతిగా కనిపించడానికి కారణం ఇదే. గరుకైన ఉపరితలం కంటే నున్నటి ఉపరితలం వెలుతురును బాగా ప్రతిఫలిస్తుంది. అద్దంలో కనిపించే 'గ్లో' అసలు రహస్యం అంతే. చర్మం రంగు మారలేదు, మీది పొర చదునైంది.

పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. చర్మవైద్యులు పీలింగ్‌కు వాడేదీ ఆ ఆమ్లాన్నే. అయితే పెరుగులో అది ఒక శాతం అటూ ఇటూగా ఉంటే, క్లినిక్ ద్రావణాల్లో పదుల శాతాల్లో ఉంటుంది. అందుకే పెరుగు ముఖాన్ని మెత్తబరుస్తుంది తప్ప మచ్చలను మాయం చేయలేదు. మీగడలోని కొవ్వు పొడిబారిన చర్మంపై పొరలా నిలిచి తేమ ఎగిరిపోకుండా చూస్తుంది. తేనె తేమను పట్టి ఉంచుతుంది, కొన్ని రకాల సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ముల్తానీ మట్టి నూనెను పీల్చడంలో దిట్ట. ఉన్నిబట్టల జిడ్డు వదిలించడానికి తరతరాలుగా వాడిన మట్టి జాతి అది. ఆ కారణంగానే పొడిచర్మం వారికి అది పనికిరాదు, ఉన్న కాస్త నూనెనూ లాగేసుకుంటుంది. కీరా, బంగాళాదుంప ముక్కల వల్ల కలిగే హాయి ప్రధానంగా వాటిలోని చల్లటి నీటిదే.

ఇక అందరూ నమ్మే పసుపు. అందులోని కర్‌క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. చర్మ సమస్యలపై పసుపును పరీక్షించిన 18 అధ్యయనాలను 2016లో ఒక సమీక్ష పరిశీలిస్తే, పదింటిలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించింది. వీటిలో కొన్ని పూతలు, కొన్ని లోపలికి తీసుకునేవి. పసుపును కొట్టిపారేయడానికి వీల్లేదని దీనర్థం. దానితో నల్లటి ముఖం తెల్లబడుతుందని మాత్రం కాదు.

పసుపు విషయంలో భారతీయులకు గర్వకారణమైన కథ ఒకటి ఉంది. గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై 1995లో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంట్ సంపాదించింది. ఇది మా అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసంటూ సీఎస్ఐఆర్ సవాలు చేసింది. పాత గ్రంథాలను, 1953 నాటి వైద్య పత్రికా వ్యాసాన్ని సాక్ష్యంగా చూపింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అమ్మమ్మల జ్ఞానం గెలిచిందని దేశమంతా సంబరపడింది. అయితే ఆ కేసులో తేలింది పసుపును గాయాలకు వాడటం మనకు కొత్త కాదన్న విషయమే. తెలుపు ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

నిమ్మకాయ చేసే కీడు

తెల్లబడాలన్న ఆశ ఉన్నచోట మొదట గిన్నెలో పడేది నిమ్మరసం. దానికి బ్లీచింగ్ గుణం ఉందన్నది ప్రచారం. చర్మవైద్యులను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే. ఆరోగ్యవంతమైన చర్మం పీహెచ్ సుమారు 5. నిమ్మరసానిది 2 దాపుల్లో. పీహెచ్ కొలమానంలో ఒక అంకె తేడా అంటే పది రెట్లు, మూడంకెల తేడా అంటే వెయ్యి రెట్లు. చర్మానికి అలవాటైన దానికి వెయ్యి రెట్ల ఆమ్లాన్ని పావుగంటసేపు ముఖాన ఉంచుకోవడమన్నమాట. వంట సోడా దీనికి వ్యతిరేక దిశలో పోతుంది, క్షారంతో చర్మపు రక్షణ పొరను దెబ్బతీస్తుంది.

ఆమ్లం ఒక్కటే కాదు. నిమ్మజాతి పండ్లలో, ముఖ్యంగా మనం వాడే చిన్న నిమ్మకాయ తొక్కలోనూ రసంలోనూ ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మంపై ఉండగా ఎండ తగిలితే కాలిన గాయం లాంటి మచ్చలొస్తాయి. కొందరికి బొబ్బలెక్కుతాయి, మానాక నెలల తరబడి నల్లటి చారలు మిగులుతాయి. విచిత్రమేమంటే మన సున్నిపిండిలో పడే బావంచాలలోనూ ఇదే కుటుంబానికి చెందిన సోరాలెన్ ఉంది. బొల్లి మచ్చల మీద రంగు రప్పించడానికి వైద్యులు అతినీలలోహిత కాంతితో కలిపి వాడేది సోరాలెన్‌నే. అంటే అది చర్మాన్ని నల్లబరిచే దినుసు. ఒంటికి రుద్ది వెంటనే కడిగేసే నలుగులో అది చర్మంపై నిలిచేది కాసేపే. దాన్నే మాస్కుగా మార్చి అరగంట ముఖాన ఉంచుకుని ఆనక ఎండలోకి వెళ్లడం కోరి కష్టం తెచ్చుకోవడమే. లేపనానికి వాడే పిండిలో బావంచాలు లేకుండా చూసుకోవడం మేలు.

మన చర్మానికి ఇంకో స్వభావం ఉంది. గోధుమ, చామనఛాయ, నలుపు రంగు చర్మాల్లో ఎక్కడ మంట పుట్టినా, గీరుకున్నా, కాలినా ఆ చోట మెలనిన్ ఎక్కువగా ఊరుతుంది. మొటిమ తగ్గినా మచ్చ మిగలడానికి కారణమిదే. పంచదార పలుకులతో గట్టిగా రుద్దినా, వెల్లుల్లి ముద్ద, దాల్చినచెక్క పొడి, టూత్‌పేస్టు పూసినా జరిగేది అదే. తెల్లబడాలని పూసిన పూత నల్లమచ్చను మిగిల్చిపోతుంది. మెత్తగా పనిచేసే పెసరపిండి, పెరుగు ఈ హాని చేయవు, అవి తెలుపు హామీ కూడా ఇవ్వవు. ఆ హామీ ఇచ్చే సరుకులే చర్మాన్ని కాలుస్తున్నాయి.

పసుపు పచ్చనైతే చాలదు

వంటింటి సరుకు కాబట్టి కల్తీ భయం లేదనుకోవడానికీ వీల్లేదు. పసుపుకు నిగనిగలాడే రంగు రావడానికి లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధన 2019లో బయటపెట్టింది. అక్కడి ఆహార భద్రతా సంస్థ దాడులు, ప్రచారంతో విరుచుకుపడటంతో రెండేళ్లలోనే మార్కెట్ నమూనాల్లో ఆ కల్తీ దాదాపు మాయమైంది. 2024లో వెలువడిన మరో అధ్యయనం భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్‌లలోని 23 నగరాల నుంచి 356 నమూనాలు సేకరించింది. ఏడింట ఒక నమూనాలో సీసం గ్రాముకు 2 మైక్రోగ్రాములు దాటింది. అత్యధిక స్థాయి కనిపించిన చోట్లలో పట్నా, గువాహటి ఉన్నాయి.

చర్మం గుండా సీసం పెద్దగా లోపలికి పోదు. అయితే ముఖాన పూసుకున్నది పెదవులకు అంటుతుంది, చేతివేళ్లతో నోట్లోకి పోతుంది. పైగా అదే డబ్బాలోని పసుపు కూరలోనూ పడుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని ఎంత కొద్ది మోతాదైనా తీసిపారేసేది కాదు. ఇంట్లో తేలిక పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి, నీటికి లేత పసుపు రంగు ఇస్తుంది. నీరు చిక్కటి పసుపు రంగుకు తిరిగితే కృత్రిమ రంగును అనుమానించాలి. కొమ్ములు కొని కడిగి, ఎండబెట్టి, ఎదురుగా మర పట్టించుకునే పాత పద్ధతి ఇప్పటికీ మెరుగైనదే. నీళ్లలో వేయగానే రంగు వదిలే మెరుపు కొమ్ములను మాత్రం వదిలేయాలి. లేపనాలకు కస్తూరి పసుపు వాడేవారు అది వంట పసుపు కాదని, దాన్ని కూరల డబ్బాకు దూరంగా ఉంచాలని గుర్తుంచుకోవాలి.

గిన్నె నుంచి గొట్టం దాకా

తెలుపు పిచ్చిని కంపెనీలు సృష్టించలేదు గానీ దాన్ని సొమ్ము చేసుకున్నాయి. హిందుస్థాన్ లీవర్ 1975లో 'ఫెయిర్ అండ్ లవ్‌లీ'ని మార్కెట్లోకి తెచ్చింది. కొడుకు లేడని తండ్రి నిట్టూరిస్తే, క్రీము పూసుకుని తెల్లబడిన కూతురు ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం సంపాదించే ప్రకటన ఒకటి అప్పట్లో టీవీల్లో మోగిపోయింది. ఐద్వా గట్టిగా అభ్యంతరం చెప్పడంతో 2003లో అలాంటి ప్రకటనలు ఆగిపోయాయి. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' తొలగి 'గ్లో' వచ్చి చేరింది. పేరు మారినా కోరిక మారలేదు.

అంతకంటే ప్రమాదకరమైన మెట్టు మందుల షాపులో ఉంది. వంటింటి లేపనంతో నెలలు గడిచినా తెలుపు రాకపోతే, ఎవరో చెప్పిన గొట్టం క్రీము చేతికొస్తుంది. వాటిలో చాలావాటిలో ఉండేది బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్. మొదటి వారాల్లో ముఖం తెల్లగా, నున్నగా మారుతుంది. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు పైకి తేలుతాయి, మొటిమలు పగులుతాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానేద్దామంటే మంట, దురద ఆగనివ్వవు. వైద్యులు దీన్ని స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అంటున్నారు. దేశంలోని పలు కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది ఇలాంటి పూతలు వాడుతున్నట్టు తేలింది. అంటే దాదాపు పదిహేను శాతం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఈ తరహా స్టెరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాని జాబితాలో చేర్చింది. నిబంధన కాగితం మీద ఉంది. దాన్ని అమలు చేయాల్సింది కౌంటర్ దగ్గర.

వంటింటి లేపనం ఈ గొట్టాలకు ప్రత్యామ్నాయమని వాదించేవారున్నారు. అది సగమే నిజం. శుభ్రత కోసం వాడేవారికి అది చక్కటి ప్రత్యామ్నాయం. తెలుపు కోసం వాడేవారికి మాత్రం అది ఆ గొట్టం వైపు తీసుకెళ్లే దారి. ఇంట్లోనే ఆడపిల్లకు నీ రంగు చాలదని నేర్పే మొదటి పాఠం ఒక్కోసారి పసుపు గిన్నెతోనే మొదలవుతుంది.

కలిపే తీరు

ఆ పాఠాన్ని పక్కనబెడితే, లేపనం చేసుకోవడం హాయైన పని. మామూలు చర్మానికి రెండు చెంచాల మెత్తటి పెసరపిండి, ఒక చెంచా కమ్మటి పెరుగు, చిటికెడు పసుపు చాలు. పసుపు ఎక్కువైతే రెండు రోజులు ముఖం పచ్చగా ఉంటుంది తప్ప అదనపు లాభం లేదు. పొడిచర్మానికి బెంగాలీ పద్ధతి బాగుంటుంది. నానబెట్టి రుబ్బిన మైసూరు పప్పు రెండు చెంచాలు, పాల మీగడ ఒక చెంచా, తేనె అర చెంచా. జిడ్డు చర్మానికి ముల్తానీ మట్టిని మంచినీళ్లతోనో గులాబీ నీటితోనో కలుపుకుంటే సరిపోతుంది.

కొత్తది ఏది కలిపినా ముందు ముంజేతి లోపలి వైపు కాస్త రాసి, కడిగి, ఒకటి రెండు రోజులు చూడాలి. దురద, ఎరుపు, మంట రాకపోతేనే ముఖానికి వాడాలి. పసుపు కూడా కొందరికి పడదు. కళ్ల చుట్టూ, పెదవుల మీద రాయకూడదు. పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. పూర్తిగా ఎండి బీటలు వారేదాకా ఉంచితే చర్మం లాగేసినట్టయి పొడిబారుతుంది. తడిచేత్తో మెత్తబరిచి గోరువెచ్చటి నీటితో కడగాలి, పిండిని రుద్ది రాల్చకూడదు. వారానికి ఒకటి రెండుసార్లకు మించి అక్కర్లేదు. చీము పట్టిన మొటిమలు, గజ్జి, పుండ్లు ఉన్నప్పుడు అసలే వద్దు.

మిగిలిన ముద్దను దాచుకోవడం ఇంకో పొరపాటు. బజారు క్రీముల్లో ఉండే నిల్వ పదార్థాలు ఇందులో ఉండవు. నీళ్లు, పప్పు, పాలు కలిసిన చోట ఖరగ్‌పూర్ ఉక్కలో బాక్టీరియా, బూజు పెరగడానికి ఒక్క పూట చాలు. పొడిని నెలల తరబడి దాచుకోవచ్చు, తడిపింది ఆ పూటకే. పచ్చి గుడ్డు తెల్లసొన ముఖాన పూయడమూ మంచిది కాదు. సాల్మొనెల్లా బాక్టీరియా నోటిదాకా చేరే వీలుంది.

ఎండకు కమిలిన ముఖం సంగతి వేరు. కమిలిన రంగు పై పొర కణాలతో పాటు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మీది పొర పూర్తిగా కొత్తదవడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఆ నాలుగు వారాలూ లేపనం వేసుకుంటే ఘనత దానికే దక్కుతుంది. నిజానికి పని చేసింది గొడుగు, తలమీది పైట, సన్‌స్క్రీన్.

పుట్టు రంగు నిర్ణయమయ్యేది పూతల్లో కాదు, జన్యువుల్లో. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్టోనియా పరిశోధకులు తదితరులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం భారతీయుల రంగు తేడాల్లో కొంత భాగానికి ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒక మార్పు కారణమని తేల్చింది. ఆ ఏడాదే తెలుగు మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచారు. ఆ ఛాయతో మన దేశంలో అయితే ఆమె అందాల పోటీ గెలిచేవారా అన్న చర్చ అప్పుడు రెండు దేశాల్లోనూ జరిగింది. మనసు చివుక్కుమనిపించే ప్రశ్నే అయినా అడగవలసిన చోటే అడిగారు.

నలుగు పెట్టే పాత పాటల్లోనూ, గాయే హోలుద్ వేడుకలోనూ ఉన్నది ముద్దు చేయడం. పదిమంది ఆడవాళ్లు చుట్టూ చేరి ఒక పిల్లను కూర్చోబెట్టి, నవ్వుతూ ఒంటికి పిండి రాయడం. ఖరగ్‌పూర్ క్వార్టర్లలో అది తెలుగు పిండా, బెంగాలీ ముద్దా అన్న పట్టింపు ఎలా లేదో, ఆ పిల్ల రంగేమిటన్న పట్టింపూ అలాగే పోతే గిన్నెలోని నిమ్మచెక్కను బయటపడేయడం పెద్ద పనేమీ కాదు.